పశువుల డాక్టరు గారు పాపకు నీళ్లు పోసిన వైనం

చక్రపాణి గారు చదివింది ఊళ్లో ఏడో తరగతి దాకా, ఆ పైన నాలుగు మైళ్లు నడిచి వెళ్లి హైస్కూల్లో పది దాకా. అయితేనేం, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి, ముప్పై నాలుగేళ్లు ఒంటి చేత్తో నెట్టుకొచ్చి, అద్దంకి చుట్టుపక్కల పదిహేడు ఊళ్లలో ‘డాక్టరు గారు’ అనిపించుకుని మరీ రిటైరయ్యారు. అసలు డాక్టరు వారానికి రెండుసార్లు జీపులో వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. ఈనలేక నానా అవస్థ పడుతున్న గేదె దగ్గరికి పంచె ఎగ్గట్టి పరుగెత్తింది మాత్రం చక్రపాణి గారే. మూడు వేల రెండు వందల పైచిలుకు దూడలు ఆయన చేతుల మీదుగా భూమ్మీద పడ్డాయి. అడ్డం తిరిగిన దూడను కంటితో చూడకుండా, కేవలం చేతి స్పర్శతో కడుపులోనే సరిచేయడంలో ఆయనను మించినవాడు ఆ తాలూకాలో లేడు. గాలికుంటు టీకాలు ఒక్క పగట్లో నాలుగు వందల పన్నెండు పశువులకు వేశారు. కలెక్టరు శాలువా కప్పారు. ఒంగోలు కోడెల పోటీలకు మూడుసార్లు జడ్జీగా కూర్చున్నారు.

ఇన్ని చేసిన మనిషి చేయని పని ఒకటుంది. తన కడుపున పుట్టిన పిల్లకు ఒక్క పూటైనా నీళ్లు పోయలేదు.

అది ఆయన తప్పు కాదు. కూతురు దేదీప్య పుట్టింది భార్య పుట్టింట్లో. ఇరవై ఒకటో రోజున ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, పొత్తిళ్లలో చుట్టిన పిల్లను చూపించారు. ఎత్తుకోబోతే అత్తగారు చప్పున వెనక్కి లాక్కుంది. “మగాళ్లకు పసిగుడ్డును పట్టుకోవడం చేతకాదు నాయనా” అంది. అవతల పదిహేను మైళ్ల దూరంలో అంతకు ముందు రోజే బంక కారుతున్న దూడను బయటికి లాగి, ముక్కులో గడ్డిపోచ పెట్టి తుమ్మించి, ఊపిరి పోయించి వచ్చిన మనిషి ఆయన. కానీ అత్తగారితో వాదిస్తారా? నవ్వి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ముప్పై మూడేళ్లు సాగింది.

ఇప్పుడు అదే దేదీప్యకు కాన్పు. ఇల్లినాయిస్‌లో, అరోరాలో ఇల్లు. ఆమె అక్కడి కాలేజీలో బయాలజీ చెబుతుంది, అల్లుడు అనుదీప్ సాఫ్ట్‌వేర్. ఫిబ్రవరి మొదటి వారంలో చక్రపాణి గారూ, భార్య రాజేశ్వరమ్మ గారూ అక్కడ విమానం దిగారు. రాజేశ్వరమ్మ గారి పెట్టెలో చీరలకన్నా పురిటి సామానే ఎక్కువ. సున్నిపిండి, గానుగలో ఆడించిన నువ్వుల నూనె, వాము, సొంఠి, వీటన్నిటి కిందా పాత చీరలో చుట్టిన చిన్న చెక్కపీట. పసిబిడ్డను చాపిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేటప్పుడు కూర్చునే పీట అది. అక్కచెల్లెళ్ల పిల్లలకూ, ఆడపడుచుల పిల్లలకూ కలిపి పదకొండు మందికి నీళ్లు పోసిన చెయ్యి ఆమెది. ఆమె అమెరికా వచ్చింది ఒక్క పనికే, పన్నెండో బిడ్డకు నీళ్లు పోయడానికి.

వచ్చిన నాలుగో రోజున ఇంటి ముందు కారు దిగుతూ, కంటికి కనిపించని మంచు పలక మీద కాలు వేసింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

రెండు రోజులకు దేదీప్యకు ఆపరేషన్ చేసి పాపను తీశారు.

ఆసుపత్రిలో జరిగిన ముచ్చట ఒకటి చెప్పాలి. నర్సు చక్రపాణి గారిని పలకరించి, ఏం చేసేవారని అడిగింది. ఆయన నిటారుగా నిలబడి, “డాక్టర్. రిటైర్డ్. డెలివరీస్, త్రీ థౌజండ్ టూ హండ్రెడ్” అన్నారు. ఆ నర్సు కళ్లు పెద్దవి చేసి, వెళ్లి ఇంకో ఇద్దరు నర్సులను వెంటబెట్టుకొచ్చింది. కాఫీ వచ్చింది. మెత్తటి కుర్చీ వచ్చింది. ఒకావిడ సిజేరియన్ గురించి ఆయన అభిప్రాయం అడిగింది.

“వీలైనంత వరకు కాళ్లు తాడుతో కట్టి లాగడమే మంచిది” అన్నట్టు ఆయన చేతులతో చూపించారు.

మంచం మీంచి దేదీప్య కుట్లు పట్టుకుని నవ్వలేక, నవ్వు ఆపుకోలేక, “నాన్నా, ప్లీజ్! కావ్స్ అని చెప్పు! బఫెలోస్ అని చెప్పు!” అంది. ఆ అంతస్తంతా నవ్వింది. అయినా డిశ్చార్జి అయ్యేదాకా నర్సులు ఆయన్ని ‘డాక్టర్ చక్రపాణి’ అనే పిలిచారు.

ఆ మధ్యాహ్నమే ఇంకొకటి చూశారాయన. గదిలోకి అడుగు పెట్టేసరికి అల్లుడు చొక్కా విప్పి కూర్చుని, పాపను తన వట్టి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని ఉన్నాడు. చక్రపాణి గారు కంగారుపడి గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు.

“రండి మామయ్యా. ఇలా పెట్టుకోమని డాక్టర్లే చెప్పారు. వెచ్చగా ఉంటుందట, ఊపిరి కూడా సరిగ్గా తీసుకుంటుందట.”

పాప నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. తండ్రి ఛాతీ లేచినప్పుడల్లా తనూ లేస్తోంది. చక్రపాణి గారు చాలాసేపు చూశారు. శాలువాలు కప్పించుకున్న మనిషికి, చొక్కా లేని అల్లుడిని చూసి అసూయ పుట్టింది.

ఇంటికి వచ్చాక బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిచారు. పదో రోజున ఊడింది. ఇక స్నానం. కుట్ల వల్ల దేదీప్య వంగలేదు. రాజేశ్వరమ్మ గారి చెయ్యి కట్టులో ఉంది. అల్లుడు కొన్న ప్లాస్టిక్ తొట్టిని వంటింటి సింకులో పెట్టి, ఫోన్లో వీడియో చూస్తూ పాపను దించాడు. నీళ్లు తగలగానే పాప రెండు చేతులూ గాల్లోకి విసిరి, కింద పడిపోతున్నట్టు కెవ్వుమంది. అనుదీప్ రెండు నిమిషాల్లో ముగించి తువ్వాల్లో చుట్టేశాడు. ఇంట్లో అందరికీ చెమటలు పట్టాయి. పాప అరగంట ఏడ్చింది.

“అలా వెల్లకిలా గాల్లో పట్టుకుంటే ఏ పిల్లయినా జడుసుకుంటుంది. బోర్లా వేసి, కాళ్ల ఆసరా ఇచ్చి పోయాలి” అంది రాజేశ్వరమ్మ గారు, కట్టున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

“నేను పోస్తా” అన్నారు చక్రపాణి గారు.

అందరూ ఆయన వంక చూశారు.

“మీరా?” అంది భార్య. “ఆ చేతులతోనా? ఆ చేతులు ఎక్కడెక్కడ పెట్టారో నాకు తెలియదనుకున్నారా?”

“పెట్టిన ప్రతిసారీ లోషన్‌తో కడిగాను. ముప్పై నాలుగేళ్లు కడిగిన చెయ్యి ఇది. ఈ ఇంట్లో ఇంత శుభ్రమైన చెయ్యి ఇంకోటి లేదు.”

“అది కాదండీ. మగాళ్లు నీళ్లు పోయడం ఎక్కడైనా ఉందా? సరే, మీ సర్వీసులోనే చెప్పండి. దూడను నాకే ఆవును చూశారు. ఏ ఎద్దయినా నాకగా చూశారా?”

ముప్పై నాలుగేళ్ల సర్వీసూ ఆయన కళ్ల ముందు తిరిగింది. పదిహేడు ఊళ్ల ఎద్దులూ వరుసగా కనిపించాయి. ఒక్కటీ నాకలేదు. సోఫాలో కూలబడ్డారు.

రాజేశ్వరమ్మ గారు గెలిచింది గానీ ఆ గెలుపు ఆమెకూ రుచించలేదు. లోపలికి వెళ్లి, పెట్టె దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో పీటకు చుట్టిన చీర విప్పి మళ్లీ చుట్టింది. గుమ్మంలోంచి ఆయన చూశారు. తనకు దక్కని పని తన భార్య చేతిలోంచి జారిపోయిన పని కూడా అని అప్పుడు తట్టింది ఆయనకు.

మర్నాడు కూతురు పాపకు పాలిచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

“అమ్మ ఎద్దుల పాయింటు లాగి నీ నోరు మూయించిందట కదా నాన్నా?”

“మూయించదూ? నిజమే కదమ్మా. ప్రకృతి అలా పెట్టింది.”

“మనం ఎద్దులం కాదు కదా. మగది పిల్లల్ని వీపు మీద మోసుకు తిరిగే కోతి జాతులున్నాయి. పాలు తాగడానికే తల్లికి ఇస్తుంది, తాగగానే మళ్లీ తీసుకుంటుంది.”

“మరి మనుషుల్లో?”

“మనుషుల్లో ఒక్క తీరు కాదు. ఊరికో తీరు, ఇంటికో తీరు. రోజూ పిల్లల్ని ఎత్తుకు తిరిగే తండ్రుల రక్తం పరీక్షిస్తే హార్మోన్లు మారినట్టు తెలిసింది. అంటే ఒంట్లో ఏర్పాటు ఉంది. దాన్ని వాడుకోనిస్తారా లేదా అన్నది ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంది.”

“తాతలకో?”

“తాతల మీద చేసినట్టు నేనైతే చదవలేదు. నువ్వే మొదలెట్టు.”

ఆయన నవ్వలేదు. ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వంగారు. “నీకొకటి చెబుతా. తొలిచూలు పెయ్యలు కొన్ని ఈని, దూడను చూసి బెదిరి తన్నేస్తాయి. కన్నది అదే, పాలు ఉన్నాయి, అయినా దగ్గరికి రానివ్వదు. అప్పుడేం చేస్తాం? దూడ ఒంటి మీద ఉప్పు చల్లుతాం. ఉప్పు కోసం నాకుతుంది. నాకగా నాకగా, ఓ పూట గడిచేసరికి, ఆ దూడ జోలికి ఎవరైనా వస్తే కొమ్ము విసురుతుంది. మరి ఆ పెయ్యను తల్లిని చేసింది కాన్పా, నాకుడా?”

“ఇది నా క్లాసులో చెబుతా నాన్నా. నీ పేరు పెట్టి చెబుతా.”

ఏడాదికి మూడు వందల మంది పిల్లలు వినే కాలేజీలో తన పేరు! చక్రపాణి గారి నడుము మళ్లీ నిటారైంది.

ఆ మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీసే వేళకు, ఆయన ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సొరకాయల్లో ఒకటి ఎంచారు. మూరెడు పొడవు, పాపంత బరువు, సన్నటి మెడ, కింద బొద్దుగా ఉన్నది. పంచె మోకాళ్ల పైకి లాగి, మేడ మీది బాత్‌రూంలో నేల మీద కూర్చుని కాళ్లు జాపారు. సొరకాయకు ఆపాదమస్తకం నువ్వుల నూనె పట్టించారు. బోర్లా వేసుకున్నారు. వీపు రుద్దారు. వెల్లకిలా తిప్పారు. జారలేదు. మళ్లీ తిప్పారు. కడుపులో దూడను తిప్పిన ఒడుపే, కాకపోతే బలం పదోవంతు చాలు.

“ఆ సొరకాయ ఏం పాపం చేసిందండీ?”

గుమ్మంలో రాజేశ్వరమ్మ గారు. చక్రపాణి గారు దొంగలా బిగుసుకుపోయారు. నూనె కారుతున్న సొరకాయ ఒళ్లో అలాగే ఉంది.

ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది. తలుపు పట్టుకుని నవ్వింది. కళ్ల నీళ్లు తుడుచుకుని మళ్లీ సొరకాయను చూసి మళ్లీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే చూపు ఆయన చేతి మీద నిలిచింది. సొరకాయ మెడ కింద ఆయన వేళ్లు విచ్చుకుని, పట్టీ పట్టనట్టు, కానీ ఎటు దొర్లినా వదలనట్టు ఉన్నాయి.

“బొటనవేలు అలా కాదు” అంది, తనకు తెలియకుండానే. “చంక కిందికి పోనివ్వండి. అప్పుడు చెయ్యి విసిరినా మీ పట్టులోనే ఉంటుంది.”

ఆయన పోనిచ్చారు. “ఇలాగా?”

“ఆఁ. ఇప్పుడు తిప్పండి... నెమ్మదిగా! గేదెను దొర్లిస్తున్నట్టు కాదు!”

“రాజేశ్వరీ, నీ చెయ్యి విరిగింది గానీ నోరు విరగలేదు కదా. నువ్వు అలా కూర్చుని చెప్పు. నేను చేస్తా. పోసేది నువ్వే అనుకో.”

ఆమె కట్టులోంచి బయటికున్న వేళ్లను చూసుకుంది.

“మా అమ్మ బతికుంటే మిమ్మల్ని చూసి ఏమనేదో” అంది.

“ఆవిడ సొరకాయనైనా నా చేతికి ఇవ్వలేదు.”

“అలా నేల మీద కూర్చోకండి, నడుము పట్టేస్తుంది” అంటూ వెళ్లి, తన పీట తెచ్చి ఇచ్చింది.

నాలుగు రోజులు సొరకాయకు రెండు పూటలా స్నానం జరిగింది. అయిదో రోజున, పొద్దున పది గంటలకు, పాప వంతు వచ్చింది. బాత్‌టబ్‌లో పీట. పీట మీద ఎగ్గట్టిన పంచెతో చక్రపాణి గారు. టబ్ పక్కన కుర్చీలో రాజేశ్వరమ్మ గారు, పరీక్ష పెట్టే ఎగ్జామినర్‌లా. గుమ్మంలో దేదీప్య, ఆమె వెనక తువ్వాలుతో అనుదీప్. చెవుల్లో ముక్కులో నూనె పోయకూడదనీ, ముక్కు నొక్కకూడదనీ కూతురు ముందే షరతులు పెట్టింది. రాజేశ్వరమ్మ గారు సణుగుతూ ఒప్పుకుంది.

పాపను కాళ్ల మీద పెట్టారు. బతికున్న ఒళ్లు! సొరకాయ ఎక్కడ, ఇది ఎక్కడ! వెచ్చగా, మెత్తగా, లోపల గుండె టపటపలాడుతూ. ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ తడబడని చేతులు ఆ ఒక్క క్షణం ఆగిపోయాయి.

పాప ముఖం ముడిచింది. ఏడుపుకు సిద్ధమైంది.

“ఆగకండి. చెయ్యి ఆగితేనే పిల్లకు భయం. మాట్లాడుతూ రుద్దండి” అంది రాజేశ్వరమ్మ గారు.

ఏం మాట్లాడాలి? లాలిపాట ఒక్కటీ రాదు. ఆయనకు కంఠతా వచ్చినవి ఊరి బడిలో బెత్తం భయంతో నేర్చిన ఎక్కాలు. అవే అందుకున్నారు. “రెండొకట్ల రెండు... రెండ్రెళ్లు నాలుగు... రెండు మూళ్లు ఆరు...” ఆ రాగానికి చెయ్యి మెడ నుంచి నడుముకూ, నడుము నుంచి అరికాలికీ సాగింది. చెంబుతో గోరువెచ్చని నీళ్లు వీపు మీద జారాయి. పాప ముడిచిన ముఖం విప్పింది. మూడో ఎక్కానికి ఒళ్లు వదిలేసింది. అయిదో ఎక్కం సగంలో ఆయన కాళ్ల మీదే కళ్లు మూసింది.

“నిద్రపోయింది” అన్నాడు అనుదీప్ గుసగుసగా.

చక్రపాణి గారు తల ఎత్తలేదు. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

“ఎలా ఉంది?” అన్నారు భార్యతో.

“నూనె ఎక్కువైంది. రేపు తగ్గించండి” అంది ఆమె. ‘రేపు’ అన్న మాట తప్ప ఇంకేదీ ఆయన చెవికి ఎక్కలేదు.

ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేసి, తన్వి అని పేరు పెట్టారు. రెండిళ్ల అవతల కొడుకు దగ్గరికి వరంగల్ నుంచి వచ్చిన రాధారాణి గారు పాపను ఎత్తుకుని నిమిరి చూసింది.

“ఒళ్లు ఎంత నున్నగ దేరింది వదినా! నీ చెయ్యి గిట్లుండె, నాకేమో మోకాళ్లు మార్పిచ్చిరి, కింద కూసుంటే లేపనీకె క్రేను దేవాలె. నీళ్లు ఎవరు పోస్తున్నరు?”

రాజేశ్వరమ్మ గారు గడ్డంతో భర్తను చూపించింది.

“అన్ననా! గిదేం చోద్యం! గీ పని చేసే ఆడోళ్లను మంత్రసాని అంటం. మరి మగోళ్లను ఏమనాలె? దొరసానికి దొర ఉన్నడు, మంత్రసానికి మంత్రదొరనా?”

గదంతా గొల్లుమంది. రాజేశ్వరమ్మ గారు వెంటనే అందుకుంది. “దొరా లేదు గిరా లేదు వదినా. నా శిష్యుడు. పదకొండు మందికి పోశాను, నేర్పింది మాత్రం ఈ ఒక్కడికే.”

“అయితే మా నీరజ్ కొడుక్కు గూడ నీ శిష్యుణ్ణి తోలరాదు? వానికి రెండు నెలలు. నీళ్లంటె ఇల్లు పీకి పందిరేస్తడు.”

అలా మంగళ, శుక్రవారాల్లో రెండిళ్ల అవతల కూడా ఎక్కాలు వినిపించడం మొదలైంది. ఆ పిల్లవాడి తాత, రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, మొదటి రోజు ముఖం పక్కకు తిప్పుకుని పేపరు చదివాడు. మూడో వారానికి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

మార్చి చివర్లో రాజేశ్వరమ్మ గారి కట్టు తీశారు. ఆ రోజు కారులో తిరిగొస్తుంటే చక్రపాణి గారు తనకు తానే నచ్చజెప్పుకున్నారు. పెద్దరికం పెద్దరికమే, ఆమె చెయ్యి బాగైంది, ఆమె పని ఆమెది. మర్నాడు పొద్దున తనే నీళ్లు తొలిపి, చెంబు పెట్టి, నూనె వెచ్చచేసి, పక్కకు తప్పుకుని నిలబడ్డారు.

రాజేశ్వరమ్మ గారు వచ్చి పీట మీద కూర్చుంది. పాపను కాళ్ల మీద వేసుకుంది. మణికట్టు ఇంకా బిగుసుకునే ఉంది, అయినా ఆ చేతిలో ఏ తడబాటూ లేదు. వీపు, భుజాలు, కాళ్లు అన్నీ అయ్యాయి. తన్వి బోసినోటితో నవ్వింది. చక్రపాణి గారు సంతోషంగానే చూశారు, కాకపోతే చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు.

“అత్తయ్య గారూ” అన్నాడు అనుదీప్. అతను షార్ట్స్ వేసుకుని వచ్చాడు. “ఆగస్టులో మీరిద్దరూ వెళ్లిపోతే ఎవరు పోస్తారు? నాకూ నేర్పండి.”

రాజేశ్వరమ్మ గారు అల్లుడి కాళ్ల వంకా, ముఖం వంకా చూసింది. పాపను ఒడిసి పట్టుకుని లేచింది. “కూర్చోండి బాబూ.”

అనుదీప్ టబ్‌లో పీట మీద ఇరుక్కుని కూర్చుని కాళ్లు జాపాడు. పాపను పెట్టగానే, “అయ్యో, జారుతోంది అత్తయ్య గారూ!” అన్నాడు.

“జారదు అల్లుడూ, మడమలు దగ్గరికి తీసుకో” అన్నారు చక్రపాణి గారు.

“మడమలు కాదు, మోకాళ్లు” అంది రాజేశ్వరమ్మ గారు.

“మడమలే!”

“పదకొండు మందికి పోశాను!”

“నేను గత నెల్లోనే ముప్పై సార్లు పోశాను!”

ఈ వాదం మధ్యలో తన్వి తండ్రి కాళ్ల మీద తన పని తాను కానిచ్చుకుంది. అనుదీప్ కెవ్వుమన్నాడు. దేదీప్య గుమ్మానికి ఆనుకుని, కుట్లు మానినందుకు సంతోషిస్తూ కడుపారా నవ్వింది.

చివరికి తల మీద నీళ్లు పోసే వంతు వచ్చింది. అనుదీప్ చెంబు ఎత్తి ఆగాడు. “కళ్లలో పడితే?”

రాజేశ్వరమ్మ గారు కుర్చీలో వెనక్కి వాలి, చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

“నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాలి బాబూ, ఇంటి చూరులాగా” అంది. “అది మాత్రం మీ మామయ్య గారిని చూసి నేర్చుకోండి. ఆయన పోస్తే ఒక్క చుక్క కూడా కంట్లో పడదు. నాకు అది ఎప్పుడూ అంత బాగా కుదరలేదు.”

చక్రపాణి గారు పంచె ఎగ్గట్టి, టబ్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. అరచెయ్యి వంచి మనవరాలి కనుబొమల మీద ఆనించారు.

“ఊఁ, పొయ్యి అల్లుడూ” అన్నారు.